ప్రేరణాత్మక నిరాదరణ

మా మండలి పని దళిత మహిళల చేత సొంత వ్యాపారాలు పెట్టించడం. మండలి పుట్టి చాలా ఏళ్ళయింది. ఇంతవరకూ ఒక్క ఆడమనిషి చేత కిళ్ళీకొట్టు కూడా పెట్టించలేదు. ఇందులో మా లోపమేమీ లేదు. అప్పు కావాలని వచ్చినవాళ్ళని ముందు వ్యాపారం ఉన్నట్టు సర్టిఫికెట్ తెమ్మన్నాం. సర్టిఫికెట్ తెచ్చినవాళ్ళని, వ్యాపారం ఉండగా ఇంకా అప్పెందుకని పంపేశాం. రూలు ప్రకారం నడిచే ఆఫీసు ఎలా ఉండాలో అలాగే ఉన్నాం.

నా పేరు చక్రపాణి. ఒంగోలులో ఆ మండలి ఆఫీసుకి సూపరింటెండెంటుని. నాకు కులపట్టింపు లేదు. కావాలంటే ఎవరినైనా అడగండి, మా వాళ్ళంతా చెబుతారు. కొత్తగా ఎవరైనా ఉద్యోగంలో చేరితే ఇంటిపేరు అడుగుతాను, ఊరు అడుగుతాను, ఊళ్ళో ఏ వైపని అడుగుతాను. అంతకు మించి ఒక్క ప్రశ్న వెయ్యను.

ఇలా ప్రశాంతంగా సాగిపోతూ ఉండగా పైనుంచి తాఖీదు వచ్చింది. ఈ ఏడాది ప్రతి జిల్లా ఆఫీసూ ఉద్యోగం మాని వ్యాపారంలోకి దిగిన దళిత మహిళలను చూపించాలి. చూపించలేని ఆఫీసును పశుసంవర్ధక శాఖలో కలిపేస్తారు. మా డైరెక్టరు పరాంకుశరావు గారికి ముచ్చెమటలు పోశాయి. పశుసంవర్ధక శాఖలో ఆయన హోదాకి కారు లేదు, జీపే.

వెంటనే మీటింగు పెట్టారు.

"సమ్మిళిత వికాస దృక్కోణంలో మనం ఫలితోన్ముఖంగా పురోగమించవలసిన చారిత్రక ఆవశ్యకత ఏర్పడింది," అన్నారు. అంటే ఏమిటని మేం అడగం. ఆయన చెప్పరు. అందువల్లే మా మీటింగులు త్వరగా అయిపోతాయి.

పురోగమించడానికి హైదరాబాదు నుంచి నిశాంత్ అనే కన్సల్టెంటుని పిలిపించారు. కుర్రవాడు చురుకైనవాడు. ఊళ్ళో ఇప్పటికే వ్యాపారాలు చేసుకుంటున్న దళిత ఆడవాళ్ళని వెతికి, వాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగి, వారం తిరక్కుండా తెర మీద బొమ్మలు వేసి చూపించాడు.

"సార్, ఒక విచిత్రం. వీళ్ళలో చాలామంది ఇదివరకు మీ ఆఫీసులోనే పనిచేశారు."

నిజమే. రేచల్ ఉండేది. జూనియర్ అసిస్టెంటు. ఉన్నన్నాళ్ళూ ఆవిడకి ఒక్క ఫైలు ఇవ్వలేదు. ఎవరైనా పెద్దవాళ్ళు వస్తున్నారంటే కుర్చీలు వేయించడం, బొకేలు తెప్పించడం, శాలువాలు మడత పెట్టడం, ఫొటో తీసేటప్పుడు పక్కకి తప్పుకోవడం ఆవిడ పని. "నీకు ఇవన్నీ బాగా చేతనవునమ్మా" అని మెచ్చుకుంటూనే చేయించేవాళ్ళం. ఒకరోజు నిజంగానే బాగా చేతనవునని అర్థమైనట్టుంది, మానేసి షామియానాలు, కుర్చీలు, మైకులు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టింది. ఇప్పుడు ఒంగోల్లో పెళ్ళి చేయాలంటే ముహూర్తం కన్నా ముందు రేచల్ ఖాళీ చూసుకుంటున్నారు.

వజ్రకుమారి అని టైపిస్టు. డైరెక్టరు గారు పైకి పంపే ఇంగ్లీషు ఉత్తరాలన్నీ ఆవిడే రాసేది. ఆ ఉత్తరాలకి ఒకసారి డైరెక్టరు గారికి బంగారు పతకం వచ్చింది. సన్మానసభలో ఆయన పక్కన నిలబడి పళ్ళెం పట్టుకోమన్నాం. పట్టుకుంది. మర్నాడు రాలేదు. కోర్టు ఎదురుగా 'అక్షర డ్రాఫ్టింగ్ సెంటర్' అని బోర్డు లేచింది.

"ఎందుకు మానేశారని అందరినీ అడిగాను సార్," అన్నాడు నిశాంత్. "అందరూ ఒకటే మాట చెప్పారు."

"ఏమని?"

నిశాంత్ తెర వైపు చూపించాడు. తెర మీద పెద్ద అక్షరాలతో 'అవమానం' అని ఉంది.

మరో ఆఫీసైతే ఇక్కడ తల వంచుకునేది. మాది అలాంటి ఆఫీసు కాదు. డైరెక్టరు గారు కుర్చీలో ముందుకి జరిగారు. కళ్ళు తళతళలాడాయి.

"అంటే నిశాంత్ గారూ, ఇన్నాళ్ళూ వ్యాపారవేత్తలను తయారు చేస్తున్నది మనమేనన్నమాట! ఏ నిధులూ లేకుండా! ఏ ప్రణాళికా లేకుండా!"

"అదీ... నేను చెప్పాలనుకున్నది ఏమిటంటే సార్, అవమానించడం మానేస్తే..."

"మానేస్తే ఉద్యోగాల్లోనే ఉండిపోతారు కదయ్యా! మన లక్ష్యమేమిటి? ఉద్యోగం మాని వ్యాపారంలోకి దిగాలి. ముడిసరుకు మన దగ్గరే ఉంది. ఉత్పత్తి పెంచాలి."

ఇలాంటి మాట తర్కంతో కాదనడం కష్టం. నిశాంత్ తన ఫీజు బిల్లు ఎవరికివ్వాలో అడిగాడు.

పథకానికి 'ప్రేరణాత్మక నిరాదరణ' అని పేరు పెట్టారు. అవమానం అనే మాట అధికార పత్రాల్లో వాడకూడదు, ప్రేరణ అనాలి. ప్రేరణలను మూడు తరగతులు చేశాం. సి-తరగతి అంటే పేరు తప్పుగా పలకడం, నమస్కారానికి బదులివ్వకపోవడం, స్టీలు గ్లాసులు ఖాళీ ఉన్నా కాగితం కప్పులో టీ ఇప్పించడం. బి-తరగతి అంటే 'మీకేమిటమ్మా, మీకన్నీ ఊరికే వస్తాయి' వగైరా వాక్యాలు. ఎ-తరగతి అంటే ఒకరు చేసిన పనికి మరొకరిని సన్మానించడం, పదోన్నతి ఆపడం. సర్క్యులర్ చివర డైరెక్టరు గారు సొంత చేత్తో ఒక వాక్యం చేర్చారు: 'ఏ సందర్భంలోనూ కులం పేరు ఎత్తరాదు. ఎత్తకుండానే తెలియవలెను.' చట్టం మీద ఆయనకి ఉన్న గౌరవం అటువంటిది.

నన్ను ప్రేరణాధికారిగా నియమించారు. నా సర్వీసులో నాకు దక్కిన మొదటి గుర్తింపు అదే. ఇంటికి వెళ్ళి చెబితే మా ఆవిడ "మీకు కొత్తగా ఏం నేర్పించక్కర్లేదులెండి" అంది. ఇంట్లో వాళ్ళకి మన విలువ తెలియదు.

మొదటి చిక్కు మా సిబ్బంది దగ్గరే వచ్చింది. శిక్షణ తరగతులు పెడతామంటే సీనియర్లు మండిపడ్డారు.

"ఏందయ్యా చక్రపాణీ, పాతికేళ్ళ నుంచి ఈ పని చేస్తన్నాం. ఎవరన్నా నేర్పారా మాకు? ఇప్పుడు ఎవడో హైదరాబాదోడు వచ్చి నేర్పిస్తాడా?" అన్నాడు క్యాషియరు మాలకొండయ్య. ఆయనే మా యూనియన్ కార్యదర్శి కూడా.

మర్నాడు యూనియన్ తీర్మానం వచ్చింది. ఇంతకాలం సిబ్బంది స్వచ్ఛందంగా చేసిన సేవను ప్రభుత్వం విధిగా మార్చింది గనుక ప్రేరణ భత్యం ఇవ్వాలి. సెలవురోజున బజారులో ఎదురైనప్పుడు చేసిన ప్రేరణకి రెట్టింపు ఇవ్వాలి. డైరెక్టరు గారు సూత్రప్రాయంగా అంగీకరించారు. అయితే ప్రభుత్వ ధనం ఖర్చయ్యే చోట ముందస్తు అనుమతి తప్పదు కదా. కాబట్టి ఇకమీదట ఎవరు ఎవరికి ఏ ప్రేరణ ఇవ్వాలన్నా ఫైలు పెట్టి మంజూరు తీసుకోవాలి. అనుమతి లేకుండా ఎవరినైనా చిన్నచూపు చూస్తే క్రమశిక్షణ చర్య.

ఇక్కడే కొంప మునిగింది. అప్పటిదాకా నోటికొచ్చింది నోటికొచ్చినట్టు అనేసేవాళ్ళం. ఇప్పుడు నోటిదాకా వచ్చినదాన్ని మింగేసి ఫైలు పెట్టాల్సి వచ్చింది. ఫైలు వెళ్ళేది, 'ఏ స్వరంలో?' అని ప్రశ్న పడి తిరిగొచ్చేది. 'మామూలు స్వరంలో' అని రాస్తే, 'మామూలు అనగా?' అని మళ్ళీ వచ్చేది. దాదాపు రెండు నెలలు మా ఆఫీసులో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆడవాళ్ళని పూర్తి పేర్లతో పిలిచాం. టీ గ్లాసుల్లోనే ఇచ్చాం.

"ఏంది సార్, ఈమధ్య ఆఫీసు చల్లగా ఉంది? ఏసీ ఏమన్నా పెట్టించారా?" అని అడిగింది సలోమి.

నూకతోటి సలోమి గురించి చెప్పాలి. ఈ కథలో నా ప్రాణం తీసింది ఆవిడే. సీనియర్ అసిస్టెంటు. ఎం.కామ్. డిపార్టుమెంటు పరీక్షలన్నీ మొదటిసారే పాసైంది. పరీక్షలు పాసైనవాళ్ళ సీనియారిటీలో అందరికన్నా పైన ఉంది. మా ఆఫీసులో అసిస్టెంటు డైరెక్టరు పోస్టు ఆవిడకే రావాలి. అలాగని ఎవరికైనా రావలసినదాన్ని ఇచ్చేస్తే ఇంక ఆఫీసెందుకు? మొదటిసారి ఆ పోస్టులో, పరీక్ష తప్పినా మనవాడే కదా అని ఒక పెద్దమనిషిని ఇన్‌ఛార్జిగా వేశాం. రెండోసారి మత్స్యశాఖ నుంచి ఒకాయన్ని డెప్యుటేషన్ మీద తెచ్చాం. ఆయన చేపలకి తప్ప ఎవరికీ అప్పులివ్వలేదు. మూడోసారి ఎవరూ దొరక్క కుర్చీ ఖాళీగా ఉంచేసి, దాని మీద తువ్వాలు కప్పి, నెలకోసారి తువ్వాలు ఉతికిస్తున్నాం. సలోమి రోజూ ఆ గది ముందు నుంచే తన సీటుకి వెళుతుంది. తల తిప్పి ఒకసారి కుర్చీని చూస్తుంది. ఆ చూడ్డం నాకు నచ్చేది కాదు.

ఎట్టకేలకు మొదటి మంజూరు వచ్చింది. సలోమికి, బి-తరగతి. కాగితం పట్టుకుని ఆవిడ సీటు దగ్గరికెళ్ళి, గొంతు సవరించుకుని చదివాను.

"మీకేమిటమ్మా, మీకన్నీ ఊరికే వస్తాయి."

సలోమి పెన్ను కింద పెట్టింది. "ఇది ఏ తరగతి సార్?"

"బి."

"బీనా? మరి ఎ ఎవరికిచ్చారు?"

"అకౌంట్స్‌లో శాంతకుమారికి."

"చూడండి సార్, ఆమె నాకన్నా ఆరేళ్ళు జూనియర్. సీనియారిటీ ప్రకారం ఎ నాకు రావాల. అవమానంలో గూడా నన్ను దాటేసి జూనియర్లకిస్తే ఎట్టా సార్?" అంది. గది గదంతా పగలబడి నవ్వింది. మగవాళ్ళు కూడా నవ్వారు, అదీ అనుమతి లేకుండా.

కానీ పథకం పారలేదని అనడానికి వీల్లేదు. శాంతకుమారి తన ఎ-తరగతి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇన్నాళ్ళూ మీకు తెలవక చేస్తన్నారేమో, ఎప్పటికన్నా తెలుసుకుంటారులే అనుకున్నా సార్. తెలిసే చేస్తన్నారన్నమాట. ఇంక నేనెందుకు ఆగాల?" అని ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చి, జీఎస్టీ లెక్కలు చూసే ఆఫీసు తెరిచింది. ఆవిడ వెంట ఇంకొందరు వెళ్ళారు. ఒకామె ఆడవాళ్ళకి డ్రైవింగ్ స్కూలు పెట్టింది, ఒకామె రేచల్‌తో పొత్తు కలిసి వంటల కాంట్రాక్టు మొదలెట్టింది. పై ఆఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. డైరెక్టరు గారు దాన్ని ఫ్రేము కట్టించి, కారులో వెనక అద్దానికి ఆనించి పెట్టుకున్నారు.

ఒక్క చిన్న ఇబ్బంది. పనిచేసేవాళ్ళంతా వెళ్ళిపోయేసరికి పని ఆగింది. ఇన్నాళ్ళూ పని దానంతటదే జరుగుతోందని మేం అనుకున్నాం. జీతాల బిల్లు శాంతకుమారి ఆఫీసుకి పంపి చేయించాం. ఉత్తరాలు వజ్రకుమారి దగ్గర రాయించాం. మీటింగైతే కుర్చీలు రేచల్ దగ్గర తెచ్చాం. ఇదివరకు నెల జీతానికి చేసిన పనికి ఇప్పుడు కాగితానికింత, కుర్చీకింత అని కట్టి, రసీదు తీసుకుని, పైగా థాంక్స్ కూడా చెప్పి వస్తున్నాం. దీన్ని డైరెక్టరు గారు 'మార్కెట్ అనుసంధానం' అన్నారు.

సలోమి మాత్రం కదల్లేదు. మహిళాదినోత్సవం వస్తోంది. కమిషనరు గారు ముఖ్య అతిథి. ఆయన ముందు ఒక సీనియర్ ఉద్యోగిని రాజీనామా చేసి వ్యాపారంలోకి దిగితే పథకం రాష్ట్రమంతా విస్తరిస్తారని, డైరెక్టరు గారికి పెద్ద కారు వస్తుందని వినికిడి. ఆయన సలోమిని పిలిపించారు. నేనూ పక్కనే ఉన్నాను.

"అమ్మా సలోమీ, స్వావలంబన అనే మహత్తర పథంలో నీ సహోద్యోగినులందరూ పురోగమిస్తున్నారు. నువ్వొక్కతివే ఈ వ్యవస్థను ఇంకా ఎందుకు అంటిపెట్టుకుని ఉన్నావు?"

"వ్యాపారం నాకు రాక కాదు సార్. రేచల్ రమ్మంటంది, వజ్రమూ రమ్మంటంది. నాకు వాళ్ళని చూస్తే గర్వంగానే ఉంటది. కానీ నేను పరీక్షలు రాసింది దీనికోసం. నాకు రావాల్సింది ఇక్కడుంది."

"ఏమిటమ్మా అది? ఒక కుర్చీ! కేవలం ఒక కుర్చీ!"

"కుర్చీలైతే రేచల్ కాడ వెయ్యి ఉండయ్యి సార్. ఏది కావాలంటే దాంట్లో కూర్చోమంటది. నాక్కావాల్సింది తువ్వాలు కప్పిపెట్టారే, అది." మెల్లిగా అంది: "అది నాదని మీకూ తెలుసు సార్. అందుకే గదా కప్పి పెట్టారు."

ఆవిడ వెళ్ళాక డైరెక్టరు గారు చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ముఖం వెలిగిపోతోంది.

"చక్రపాణీ! పదోన్నతి ఇవ్వకపోవడం ఎ-తరగతి. ఆమెకది అలవాటైపోయింది. ఇచ్చి, అందరి ముందూ చేతికందించి, వెంటనే లాక్కుంటే? అది ఎ-ప్లస్!"

ఆ ఎత్తుకి నేను చెయ్యెత్తి దణ్ణం పెట్టాను. ఉత్తుత్తి ఆర్డరైతే సలోమి కనిపెట్టేస్తుంది, ఆవిడకి రూల్సన్నీ కంఠతా. అందుకని ఎక్కడా లోపం రాకుండా కమిటీ కూర్చుని, సీనియారిటీ చూసి, అర్హతలు సరిపోల్చి, వజ్రకుమారి దగ్గరే రాయించి ప్రతిపాదన పైకి పంపింది. పైవాళ్ళు చదవకుండా సంతకం పెట్టి పంపారు. చదివి సంతకం పెట్టే ఆఫీసైతే అసలు మా పథకమే పాసయ్యేది కాదు. ఆర్డరులో 'తక్షణం అమలులోకి వచ్చును' అని కూడా ఉంది. డైరెక్టరు గారు పట్టుబట్టి వేయించిన మాట అది. ఎంత గట్టిగా ఇస్తే లాక్కున్నప్పుడు అంత గట్టిగా తగులుతుందట.

ఇక రద్దు ఉత్తర్వు మిగిలింది. రాయమని నాతో అన్నారు. తలుపేసుకుని కూర్చున్నాను. 'పైన సూచించిన' అని మొదలెట్టి, పైన ఏమీ సూచించలేదని గుర్తొచ్చి కొట్టేశాను. నా సర్వీసంతా సంతకాలు చేశాను గానీ, సంతకానికి పైనుండే భాగం ఎప్పుడూ వేరేవాళ్ళే రాశారు. సభ రోజు పొద్దున్నే గత్యంతరం లేక కోర్టు ఎదురుగా వజ్రకుమారి సెంటర్‌కి పరిగెత్తాను.

జనం కిటకిటలాడుతున్నారు. ఇద్దరు ప్లీడర్లు కూడా వరసలో ఉన్నారు.

"అర్జెంటు వజ్రకుమారీ, అర్జెంటు!"

"కూర్చోండి సార్. అందరిదీ అర్జెంటే. అక్కా, సార్‌కి టీ ఇయ్యి."

స్టీలు గ్లాసులో టీ ఇచ్చారు. తాగాను. నా వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. విషయం చెప్పాను. వజ్రకుమారి కళ్ళజోడు పైనుంచి నన్నొకసారి చూసి, కోపం చూపించకుండా కీబోర్డు దగ్గరికి జరుపుకుంది.

"ఎట్టా పడితే అట్టా రాస్తే సెంటర్ పేరు పోద్ది సార్. నిదానంగా మంచిగా రాస్తా," అంది. నిజంగానే నిదానంగా రాసింది. ఒక కామా దగ్గర ఆగి పెట్టాలా వద్దా అని ఆలోచించింది. పెట్టింది. తీసేసింది. "మీరైతే ఏం చేస్తారు సార్?" అని నన్నడిగింది. నా జన్మలో నా అభిప్రాయం అంత శ్రద్ధగా ఎవరూ అడగలేదు. పెట్టమన్నాను.

కాగితం పట్టుకుని సభకి పరిగెత్తాను. రేచల్ వేసిన షామియానా, ఆవిడ కుర్చీలు, ఆవిడ మైకు. అప్పటికే వేదిక మీద కమిషనరు గారు నవ్వుతూ సలోమి చేతికి ఆర్డరు అందిస్తున్నారు. చప్పట్లు. డైరెక్టరు గారు జనంలో నాకోసం వెతుకుతున్నారు. నేను కాగితం ఎత్తి ఊపాను.

సలోమి ఆర్డరు చదివింది. కంగారు లేకుండా పై నుంచి కింది దాకా చదివింది. తర్వాత సంచిలోంచి ఒక కాగితం తీసి కమిషనరు గారి ముందు పెట్టింది.

"జాయినింగ్ రిపోర్టు సార్. ఆర్డర్లో 'తక్షణం' అని ఉంది గదా. మీ చేత్తోనే చేర్చుకోండి."

కమిషనరు గారికి సంతోషమైంది. ఆటోగ్రాఫ్ పెట్టినట్టు సంతకం పెట్టేశారు. ముద్ర కూడా వేయించారు. ఆ రిపోర్టు అంత నిర్దుష్టంగా ఎలా ఉందా అని తర్వాత చూస్తే, అడుగున చిన్న అక్షరాల్లో 'అక్షర డ్రాఫ్టింగ్ సెంటర్' అని ఉంది.

ఈలోగా నేను వేదికెక్కి డైరెక్టరు గారి చేతిలో రద్దు కాగితం పెట్టాను. ఆయన మైకు దగ్గరికి దూసుకెళ్ళారు.

"సభాసదులారా! అనివార్యమైన పరిపాలనా కారణాల దృష్ట్యా..."

మైకు ఆగిపోయింది. ఆయన నోరు మాత్రం కదులుతూనే ఉంది. షామియానా పక్కన యాంప్లిఫయరు దగ్గర రేచల్ తీగలు చుడుతోంది.

"మైకు ఒంటిగంట దాకానే మాట్టాడుకున్నారు సార్. నాకు అవతల సమర్త ఫంక్షనుంది. కావాలంటే మీరు గట్టిగా అరవండి, వినపడద్ది," అంది.

ఏమని అరుస్తారు, పక్కన కమిషనరు ఉండగా? పైగా జాయినైన మనిషి ఉత్తర్వు రద్దు చేయాలంటే నోటీసివ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి, కారణం చూపించాలి. ఇవన్నీ రాయడానికి మళ్ళీ వజ్రకుమారి దగ్గరికే వెళ్ళాలి. డైరెక్టరు గారు చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. నెల తిరక్కుండా తానే బదిలీ పెట్టుకుని వెళ్ళారు, పశుసంవర్ధక శాఖకి. జీపు అలవాటైందని చెబుతున్నారు.

అసలు కష్టం నాకు ఇప్పుడు మొదలైంది.

సలోమి గారు ఆ గదిలో కూర్చున్న మొదటి రోజు నేను గట్టిగానే సిద్ధపడి వెళ్ళాను. అరుస్తుంది, పాతవన్నీ తవ్వుతుంది, నిలబెడుతుంది. నిలబెడితే ఏం చెయ్యాలో మాలకొండయ్యతో ముందే మాట్లాడుకున్నాను, యూనియన్ ద్వారా ధర్నా.

"రండి చక్రపాణి గారూ. కూర్చోండి," అంది.

కూర్చున్నాను. ఆవిడ ఫైలు చూసింది. "ఇక్కడ మూడో పేరా నాకు అర్థం కాలేదండీ. ఇంకోసారి రాసి ఇస్తారా?" అంది. అంతే. మర్నాడూ అంతే. రాసినది బాగుంటే బాగుందంది. నా పేరు సరిగ్గా పలికింది. టీ వస్తే నాకూ తనకూ ఒకే రకం గ్లాసులో వచ్చింది. మా అమ్మాయి పరీక్షలెలా రాసిందని ఒకరోజు అడిగింది. తిరస్కరించిన అప్పు దరఖాస్తులన్నీ బయటికి తీయించి ఒక్కొక్కటే మంజూరు చేస్తూ, కింద నా సంతకం కూడా పెట్టించింది. ఆ ఆడవాళ్ళు వచ్చి నాకు కూడా దండాలు పెట్టి పోతున్నారు.

ఎంతకని ఓర్చుకోను? పదిహేను రోజులకే నా నిద్ర పోయింది, ఆకలి పోయింది. ఒకనాడు స్వచ్ఛంద పదవీవిరమణ కోరుతూ దరఖాస్తు రాసుకుని వెళ్ళాను. నేనూ ఏదో ఒక వ్యాపారం పెట్టుకుని బతుకుతాను. కారణం దగ్గర 'భరింపరాని అవమానం' అని రాశాను. ఇది మాత్రం ఎవరి సహాయం లేకుండా సొంతంగా రాసిందే.

సలోమి గారు చదివింది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. ఆవిడ ముఖంలో నిజంగానే బాధ కనిపించింది.

"ఎవరండీ అవమానించింది?"

"మీరే."

"నేనా? ఎప్పుడు? ఏమన్నాను? చెప్పండి చక్రపాణి గారూ, నావల్ల పొరపాటైతే సరిచేసుకుంటా."

చెబుదామని నోరు తెరిచాను. ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. 'గారు' అని పిలిచారు. కూర్చోమన్నారు. మా అమ్మాయి గురించి అడిగారు. ఏది ఎత్తబోయినా నోట్లోనే ఆగిపోతోంది. ఆవిడ తొందరపెట్టలేదు. అలాగే చూస్తూ ఉంది. చివరికి నాకు తెలియకుండానే ఉన్న మాట బయటికొచ్చేసింది.

"మీరు ఆ కుర్చీలో కూర్చున్నారు."

సలోమి గారు నా దరఖాస్తు నా వైపు తిప్పి, పెన్ను మూత తీసి నా ముందు పెట్టింది.

"ఇప్పుడు సరిగ్గా చెప్పారు. 'భరింపరాని అవమానం' కొట్టేసి అదే రాయండి. సంతకం పెట్టండి. ఈరోజే పైకి పంపిస్తా."

రాయలేదు. రాస్తే కేసవుతుంది. కేసు మాట అటుంచితే, అది నా చేతిరాతలో ఎలా ఉంటుందో చూడ్డానికి నాకే ధైర్యం చాలలేదు. కాగితం జేబులో పెట్టుకుని నా సీటుకి వచ్చేశాను.

అందువల్ల నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను. రోజూ పొద్దున్నే ఆ గదిలోకి వెళ్ళి నమస్కారం పెడుతున్నాను. ఆవిడ చేస్తున్న పని ఆపి, తలెత్తి, తిరిగి నమస్కారం పెడుతుంది. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు పెట్టకుండా ఊరుకుంటే చాలు, నేను హాయిగా రాజీనామా చేసి బయటపడతాను. పెట్టడం మానదు.